పాత ఇంజన్‌కి పుల్లీ మార్చే ముందు వేసుకోవాల్సిన లెక్క

పాత ఇంజన్‌ని హుషారు చేయించేవాళ్ళు హెడ్డు గీయిస్తారు, వాల్వులు తెరిచే క్యామ్ మారుస్తారు, జోడు కార్బురేటర్లు పెట్టిస్తారు. ముందువైపు గిరగిరా తిరిగే బెల్టూ పుల్లీలూ మాత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండిపోతాయి. ఇంకో రకంవాళ్ళున్నారు. మిలమిలలాడే చిన్న అల్యూమినియం పుల్లీ ఒకటి తెచ్చి క్రాంకుకి (ఇంజన్ ప్రధాన ఇరుసుకి) బిగించి, ఊరికే నాలుగు హార్స్‌పవర్ వచ్చిందని సంబరపడతారు. మొదటివాళ్ళ బెల్టు ట్రాక్ మీద ఊడుతుంది. రెండోవాళ్ళ బండి చెన్నై మౌంట్ రోడ్ సిగ్నల్ దగ్గర ఉడుకుతుంది. ఇద్దరూ వెయ్యని లెక్క ఒకటే.

బ్యాటరీకి చార్జి ఇచ్చే డైనమోకి ఒక వేగం పడుతుంది, నీళ్ళ పంపుకి ఇంకొకటి, ఫ్యానుకి మరొకటి. ఇంజన్ మామూలుగా తిరిగే వేగాల్లో అవి తమకు పడే వేగంలోనే ఉండేలా చూడటం పుల్లీల పని. అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్‌కి గానీ, పద్మిని 1089కి గానీ, వండలూరులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ 948కి గానీ పుల్లీ సైజులు కట్టినవాళ్ళు ఆ ఇంజన్ రోజంతా నిమిషానికి 1,000 నుంచి 3,500 చుట్ల (ఆర్‌పీఎం) మధ్యే తిరుగుతుందనుకుని కట్టారు. మీరు క్యామ్ మార్చి దాని సంసారాన్ని 4,000 నుంచి 7,000కి లేపారు. బెల్టుకి వేలాడేవాటికి ఆ సంగతి తెలియదు. ఎవరో ఒకరు చెప్పాలి, చెప్పే మార్గం పుల్లీ ఒక్కటే.

ఈ మూడు బండ్లకీ అమరిక ఒకటే: ఒక బెల్టు, మూడు పుల్లీలు, త్రికోణం. కింద క్రాంకు, పైన నీళ్ళ పంపు, దాని ముక్కునే ఫ్యాను, పక్కన జరిపే పట్టీ మీద డైనమో. ఉదాహరణకి క్రాంకు పుల్లీ 125 మి.మీ., డైనమో పుల్లీ 75 మి.మీ. అనుకోండి. నిష్పత్తి 1.67. ఇంజన్ 3,000 తిరిగితే డైనమో 5,000 తిరుగుతుంది, అది దానికి హాయి. అదే ఇంజన్ 7,000కి వెళ్తే డైనమో దాదాపు 11,700. ఆ వేగంలో ఆర్మేచర్ (డైనమో లోపల తిరిగే చుట్ట) తీగలు బయటికి లాగుతాయి, బ్రష్షులు ఆనే కమ్యుటేటర్ దగ్గర సోల్డర్ వేడికి మెత్తబడి కేసు లోపలి గోడల మీద చిమ్ముతుంది, బ్రష్షులు ఎగిరి ఎగిరి పడతాయి. డైనమో విప్పినప్పుడు లోపల చిన్న చిన్న వెండి చుక్కలు అతుక్కుని కనిపిస్తే బ్యాటరీని తిట్టకండి, పుల్లీని కొలవండి.

ఆ కొలతలోనే చాలామంది తప్పు చేస్తారు. వెర్నియర్‌తో పుల్లీ బయటి అంచు కొలిచి నిష్పత్తి కడతారు. బెల్టులో లాగుడు మోసేది దాని పైభాగంలో ఉండే దారాల వరస. ఆ వరస తిరిగే వ్యాసమే అసలు వ్యాసం. 13 మి.మీ. వెడల్పున్న ఏ-సెక్షన్ బెల్టుకి బయటి వ్యాసంలోంచి సుమారు 5.5 మి.మీ. తీసేయాలి. ఈ తేడా 125 మి.మీ. పుల్లీ మీద నాలుగున్నర శాతం, 75 మి.మీ. పుల్లీ మీద ఏడు శాతం. అవి బయటి కొలతలైతే అసలు నిష్పత్తి 1.67 కాదు, 1.72; అంటే 7,000 దగ్గర డైనమో వేగంలో దాదాపు 370 ఆర్‌పీఎం తేడా.

సరే, డైనమో పుల్లీని 100 మి.మీ. చేశాం. నిష్పత్తి 1.25కి దిగింది, 7,000 దగ్గర డైనమో 8,750 తిరుగుతుంది. మరి బండి నిలబడి ఇంజన్ ఊరికే తిరిగే ఐడిల్‌లో? లూకాస్ సీ40 రకం డైనమో చార్జి మొదలుపెట్టేది సుమారు 1,500 ఆర్‌పీఎం దగ్గర, పూర్తి 22 ఆంపియర్లు ఇచ్చేది సుమారు 2,250 దగ్గర. పాత నిష్పత్తిలో ఇంజన్ 900కి వస్తే చార్జి మొదలయ్యేది, 1,350కి పూర్తిగా ఇచ్చేది. ఇప్పుడు మొదలవడానికే 1,200 కావాలి, పూర్తిగా ఇవ్వడానికి 1,800. రేసులో ఐడిల్ ఎవడికి కావాలి? కానీ అదే బండిలో సాయంత్రం ఆరింటికి కత్తిపారా జంక్షన్ దాటాలంటే, హెడ్‌లైట్లు వేసుకుని అరగంట నిలబడితే, డాష్‌బోర్డులో ఎర్రదీపం ఆరదు.

ఫ్యాను లెక్క వేరు. గాలిని కోసే రెక్క మింగే పవర్ వేగానికి ఘనంలో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే పవర్ ఎనిమిది రెట్లు. 3,000 దగ్గర అర హార్స్‌పవర్ తినే ఫ్యాను 6,000 దగ్గర నాలుగు తింటుంది. బండి అప్పటికి గంటకి 100 కి.మీ. మీద ఉంటే రేడియేటర్‌కి ఎదురుగాలే చాలు, ఆ నాలుగూ దండగ. క్రాంకు పుల్లీని 125 నుంచి 100కి తగ్గిస్తే అన్నిటి వేగమూ 20 శాతం పడిపోతుంది, ఫ్యాను తినేది సగానికి వస్తుంది. పుల్లీ అమ్మేవాళ్ళు చెప్పే ‘నాలుగు హార్స్‌పవర్’లో ఎక్కువ భాగం ఇదే. కానీ దానికి పుల్లీ ఎందుకు, ఫ్యానునే తీసేస్తే పోతుంది కదా. రేసుకి తీసేయండి. రోడ్డు బండికి రేడియేటర్ ముందో వెనకో ఎలక్ట్రిక్ ఫ్యాను, పై ట్యాంకు దగ్గర థర్మో స్విచ్. పాత రెక్కల ఫ్యాను ఉంచుకుని వేగంగా తిప్పడంలో ఇంకో ప్రమాదమూ ఉంది: రేకు రెక్కలు రివెట్ల దగ్గర అలసిపోయి చిట్లుతాయి. తెగిన రెక్క నేరుగా రేడియేటర్‌లోకే పోదు, బానెట్‌ని చీల్చుకుని కూడా రాగలదు. 6,000 దాటించే ఇంజన్ ముందు ఆ రేకు ఫ్యాను ఉండటం నాకు అస్సలు నచ్చదు.

నీళ్ళ పంపుది మధ్యరకం బాధ. మరీ వేగంగా తిరిగితే ఇంపెల్లర్ (నీళ్ళని తోసే చక్రం) వెనక ఒత్తిడి పడిపోయి, నీళ్ళు అక్కడికక్కడే ఆవిరి బుడగలై, ఆ బుడగలు లోహం మీద పేలతాయి. విప్పి చూస్తే ఇంపెల్లర్ రెక్కలు చీడపట్టిన ఆకుల్లా గుంటలు గుంటలుగా ఉంటాయి. ఇంకా విచిత్రం, బుడగలు మొదలయ్యాక పంపు ఎంత వేగంగా తిరిగితే అంత తక్కువ నీళ్ళు తోస్తుంది. టెంపరేచర్ ముల్లు స్ట్రెయిట్‌లో ఎక్కి మలుపుల్లో దిగుతుంటే రేడియేటర్ కడిగించే ముందు ఈ అనుమానం పెట్టుకోండి. క్రాంకు పుల్లీ తగ్గిస్తే ఇది నయమవుతుంది. అలాగని థర్మోస్టాట్ (నీళ్ళు వేడెక్కాకే దారి తెరిచే వాల్వు) పీకేసి ఖాళీగా వదలకూడదు. ఆ చోట మధ్యలో కన్నం ఉన్న రేకు బిళ్ళ పెట్టాలి. హెడ్డులో నీళ్ళకి ఆ మాత్రం అడ్డు లేకపోతే ఒత్తిడి నిలవదు, ఎగ్జాస్ట్ వాల్వుల పక్కన ఆవిరి సంచులు కడతాయి.

ఇక ఎంపిక. బండి చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి ట్రైలర్ మీద వెళ్ళి ట్రైలర్ మీదే వచ్చేదైతే క్రాంకు పుల్లీని చిన్నది చేయండి, అన్నీ ఒకేసారి నెమ్మదిస్తాయి. ఊళ్ళో కూడా తిప్పేదైతే క్రాంకు జోలికి పోకండి, డైనమో పుల్లీ ఒక్కదాన్నే పెద్దది చేయండి. పంపు వేగం ఉన్నట్టే ఉంటుంది, కత్తిరి ఎండల్లో ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు నీళ్ళు తిరుగుతాయి. మా ఊళ్ళో మే నెలలో నలభై డిగ్రీలు మామూలు, ఆ రోజుల్లో ఐడిల్‌లో పంపు వేగం 20 శాతం తగ్గించుకోవడం కొండనాలుకకి మందేయడమే. 75ని 90 మి.మీ. చేస్తే నిష్పత్తి 1.39 వస్తుంది, 6,000 దగ్గర డైనమో 8,300 చిల్లర. రోడ్డుకి అది చాలు.

ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టినవాళ్ళు కరెంటు పద్దు కూడా రాసుకోవాలి. 60 వాట్ల హెడ్‌లైట్లు రెండూ కలిపి 10 ఆంపియర్లు, కాయిల్ 3 నుంచి 4, సైడు, టెయిల్ దీపాలు 2, బ్రేకు దీపాలు మూడున్నర, ఫ్యాను 8 నుంచి 10. మొత్తం ఇరవై ఆరున్నర నుంచి ఇరవై తొమ్మిదిన్నర దాకా. డైనమో ఇచ్చేది 22. అప్పుడు పుల్లీ ఎంత మార్చినా లాభం లేదు, డైనమో బదులు ఎక్కువ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ పెట్టాల్సిందే. ఇక్కడ చాలామంది మారుతీ 800 ఆల్టర్నేటర్ తెచ్చి బ్రాకెట్ చేయిస్తారు. చిన్నది, తేలిక, రెగ్యులేటర్ లోపలే ఉంటుంది. రెండు జాగ్రత్తలు. పాత బ్రిటిష్ వైరింగులో బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి కలిపి (పాజిటివ్ ఎర్త్) ఉంటే ముందు దాన్ని నెగెటివ్‌కి మార్చాలి, లేకపోతే ఆల్టర్నేటర్ డయోడ్లు పెట్టిన నిమిషమే పోతాయి. రెండోది, దాని పుల్లీ చిన్నది. 125 మి.మీ. క్రాంకుకి 62 మి.మీ. ఆల్టర్నేటర్ పుల్లీ కడితే 7,000 దగ్గర అది 14,000 తిరుగుతుంది. ఆల్టర్నేటర్ రోటర్ డైనమో ఆర్మేచర్ కంటే గట్టిదే, ఆ కాలపు లూకాస్ ఏసీఆర్ రకాలు 15,000 వరకు తట్టుకునేవి. అయినా అంచు మీద నడవడం ఎందుకు, 80 మి.మీ. పుల్లీ పట్టించండి. ఆల్టర్నేటర్ తక్కువ వేగంలోనే చార్జి ఇస్తుంది కాబట్టి ఐడిల్‌లో పోయేదేం లేదు.

ఇప్పటిదాకా చెప్పింది తిరిగేవాటి గురించి. బెల్టుది వేరే కథ, పాత ఇంజన్లలో అసలు తంటా అక్కడే.

125 మి.మీ. పుల్లీ 7,000 దగ్గర తిరిగితే బెల్టు పరుగు సెకనుకి దాదాపు 46 మీటర్లు. గంటకి 165 కిలోమీటర్లు. ఆ వేగంలో పుల్లీ చుట్టూ మలుపు తిరుగుతున్న బెల్టు బయటికి పారిపోవాలని చూస్తుంది. ఏ-సెక్షన్ బెల్టు మీటరుకి సుమారు 110 గ్రాములు; లెక్క కడితే ఆ పారిపోయే బలం సుమారు 23 కిలోలు. బొటనవేలితో నొక్కి బిగించిన బిగువు దీనికంటే పెద్ద ఎక్కువేం ఉండదు. అంటే షెడ్డులో గట్టిగా ఉన్న బెల్టు ట్రాక్ మీద గాడిలో తేలుతూ ఉంటుంది. క్రాంకు పుల్లీ 100 మి.మీ. అయితే అదే 7,000 దగ్గర బెల్టు వేగం 37 మీటర్లకి, ఆ బలం 15 కిలోలకి దిగుతుంది. వేగం వర్గంలో పని చేస్తుంది కదా. డైనమో పుల్లీని పెద్దది చేసినంత మాత్రాన ఈ లాభం రాదు, బెల్టు వేగాన్ని క్రాంకు పుల్లీయే నిర్ణయిస్తుంది. రేసుకి క్రాంకు తగ్గించమనడానికి ఇదే పెద్ద కారణం.

బెల్టు ఊడేది కూడా ఎక్కువగా ఫుల్ యాక్సిలరేటర్‌లో కాదు, కాలు తీసిన క్షణంలో. దగ్గర్నుంచి చూద్దాం. ఇంజన్ 7,000 దగ్గర లాగుతున్నప్పుడు క్రాంకు బెల్టుని ఈడుస్తుంది. డైనమో నుంచి క్రాంకు వైపు వచ్చే వరస బిర్రుగా, క్రాంకు నుంచి వెళ్ళే వరస వదులుగా ఉంటాయి. గేరు మార్చడానికి కాలు తీశారు. ఇంజన్ గభాలున పడిపోతుంది. రాగి తీగ చుట్టిన ఆర్మేచర్ మాత్రం 11,700తో తిరుగుతూ ఆగనంటుంది. ఇప్పుడు డైనమో క్రాంకుని ఈడుస్తోంది. బిర్రుగా ఉన్న వరస వదులైంది, వదులుగా ఉన్నది టప్పున బిగిసింది. వదులైన వరస కొరడాలా కొట్టుకుంటుంది, ఆ ఊపులో పక్కకి వాలితే గాడిలోకి తలకిందులుగా దిగుతుంది. తలకిందులైన బెల్టు రెండు ల్యాపుల్లో తెగుతుంది, లేదా ఊడి ఫ్యాను రెక్కలకి చుట్టుకుంటుంది. ఆర్మేచర్ మొండితనం క్రాంకు దగ్గర నిష్పత్తి వర్గంలో తెలుస్తుంది: 1.67కి 2.8 రెట్లు, 1.25కి 1.6 రెట్లు. నిష్పత్తి తగ్గిస్తే ఇంజన్ చురుగ్గా ఎక్కీ దిగుతుందనిపించడం వట్టి భ్రమ కాదు. యుద్ధకాలపు ఎయిర్‌స్ట్రిప్ మీద పరిగెత్తిన పాత షోలవరం రోజుల్లో తిప్పలు ఎక్కువసేపు ఫుల్ ఆర్‌పీఎంలో ఉండటం వల్ల, 3.7 కిలోమీటర్ల ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో మలుపు మలుపుకీ కాలు తీసి నొక్కుతారు కాబట్టి ఈ తిరగబడటమే బెల్టుని చంపుతుంది.

దీనికి మందు బిగువు పెంచడం కాదు. పెంచితే ఆ భారం నీళ్ళ పంపు బేరింగ్ మీద, డైనమో వెనక ఇత్తడిలాంటి బుష్ మీద పడుతుంది. పంపు కింద చిన్న కన్నంలోంచి నీటి చెమ్మ కనిపించిందంటే సీలు పోయింది, చాలాసార్లు దాని వెనక అతిబిగువు ఉంటుంది. మందు సన్న బెల్టు. 13 మి.మీ. బదులు 10 మి.మీ. వెడల్పున్నది, అంచు గుడ్డ చుట్టకుండా కోసినది, లోపలివైపు పళ్ళున్నది. తేలిక కాబట్టి బయటికి లాగే బలం తక్కువ, పళ్ళ వల్ల చిన్న పుల్లీ చుట్టూ వేడెక్కకుండా వంగుతుంది. కాకపోతే దానికి పుల్లీలు మూడూ 10 మి.మీ. గాడితో కొత్తగా పట్టించాలి. 13 గాడిలో 10 బెల్టు వేస్తే అడుగుకి దిగిపోతుంది.

అడుగుకి దిగడం అంటే ఏమిటో గాడిని చూస్తే తెలుస్తుంది. బెల్టు విప్పి, పుల్లీని వేస్ట్ కాటన్‌తో తుడిచి, టార్చి వేయండి. పక్క గోడలు నున్నగా మెరవాలి, అడుగు మసకగా, మురికిగా ఉండాలి. అడుగు మెరుస్తోందంటే బెల్టు కింద ఆనుతోంది. వీ-బెల్టు పట్టు మొత్తం గోడల దగ్గరే. వాటి మధ్య మేకులా ఇరుక్కోవడం వల్ల చదును బెల్టు కంటే పట్టు మూడింతలు వస్తుంది. అడుగున ఆనితే ఆ మూడింతలూ పోయి ఒకింతే మిగులుతుంది, ఎంత బిగించినా కీచుమంటుంది. గోడల మధ్య వేలు పెట్టి తడమండి. మధ్యలో పల్లంగా, గిన్నెలా తగిలితే పుల్లీ అరిగింది. కొత్త బెల్టు దాన్ని బాగు చేయదు. మంచి గాడిలో కొత్త బెల్టు వీపు అంచుకి సమంగానో, ఒక మి.మీ. పైకో ఉంటుంది. బెల్టు కింద టైమింగ్ కవర్ మీద నల్లటి పొడి పేరుకుంటే పుల్లీలు ఒక వరసలో లేవని అర్థం.

పట్టించడం దగ్గర టర్నర్‌కి ‘పాతదానిలా చేయి’ అని చెప్పి వచ్చేయకండి. అంబత్తూరు, గిండి లేత్ షెడ్లలో పని బాగానే వస్తుంది, మీరు ఇచ్చే డ్రాయింగ్‌ని బట్టి. గాడి కోణం రాసివ్వాలి. బెల్టు కోణం 40 డిగ్రీలు అంటారు గానీ వంగినప్పుడు దాని లోపలివైపు ఉబ్బి కోణం తగ్గుతుంది, అందుకే గాడి అంతకంటే సన్నగా ఉండాలి: ఏ-సెక్షన్‌కి 118 మి.మీ. వరకు 34 డిగ్రీలు, అది దాటితే 38. లోహం ఈఎన్8 ఉక్కు గానీ హెచ్ఈ30 అల్యూమినియం గానీ. అల్యూమినియం అయితే హార్డ్ ఆనోడైజింగ్ (పైపొర గట్టిపరచడం) తప్పదు, లేకపోతే మన దుమ్ము, బెల్టు కలిసి సానరాయిలా గాడిని తినేస్తాయి. జార్జి టౌన్ మెషినరీ షాపుల్లో మోటారు పంపులకి దొరికే పోత ఇనుప పుల్లీ సైజు సరిపోయింది కదా అని మాత్రం ఎత్తుకురాకండి. అది 1,440 ఆర్‌పీఎం మోటారు కోసం. పోత ఇనుప పుల్లీలకి అంచు వేగం సెకనుకి 33 మీటర్ల లోపే హద్దు, మీ ఇంజన్ దగ్గర అది 46 మీటర్లు పరిగెడుతుంది. పగిలితే ముక్కలు ఎటు పోతాయో చెప్పలేం. పాత కంపెనీ రేకు పుల్లీలూ అంతే, రెండు పళ్ళాలు కలిపి అతికించినవి. పాత స్పేర్లు అమ్మే పుదుపేటలో కొంటే అతుకు చుట్టూ, కీ గాడి మూలల్లో వెంట్రుకంత చీలిక ఉందేమో డై పెనెట్రెంట్ (చీలికల్లోకి పాకి వాటిని చూపించే రంగు) కొట్టి చూసుకోండి.

క్రాంకు ముక్కు పుల్లీలో రబ్బరు వరస కనిపిస్తే ఆగండి. అది పుల్లీ ఒక్కటే కాదు, డ్యాంపర్ కూడా. ప్రతి పేలుడుకీ క్రాంకు మెలిపడి వదులుతుంది. ఒక ఆర్‌పీఎం దగ్గర ఆ మెలి క్రాంకు సొంత ఊపుతో కలిస్తే విరిగేదాకా పెరుగుతుంది. రబ్బరు మీద వేలాడే బయటి ఇనుప వలయం ఆ ఊపుని మింగుతుంది. పొడుగు క్రాంకున్న ఆరు సిలిండర్ల ఇంజన్‌కి దాన్ని తీసి గట్టి అల్యూమినియం పుల్లీ వేయడం అంటే క్రాంకుని పందెంలో పెట్టడమే. ఉంచుకున్నవాళ్ళకీ ఒక చిక్కుంది: యాభై ఏళ్ళ రబ్బరు జారి బయటి వలయం తిరిగిపోతుంది. టైమింగ్ గుర్తు ఆ వలయం మీదే ఉంటుంది కాబట్టి టైమింగ్ లైటు మీకు అబద్ధం చెబుతుంది, మీరు నమ్మి అడ్వాన్సు ఎక్కువ పెట్టి పిస్టన్ కాలుస్తారు. ప్లగ్గు కన్నంలో స్టాపర్ పెట్టి నిజమైన టాప్ డెడ్ సెంటర్ (పిస్టన్ పైకి చేరే చివరి చోటు) కనుక్కుని, గుర్తుతో సరిపోల్చి, హబ్ మీద నుంచి వలయం మీదకి అడ్డంగా తెల్ల పెయింటు గీత ఒకటి గీయండి. గీత విరిగిన రోజు డ్యాంపర్ మార్చాలి.

బిగింపు తేలికే. మూడు పుల్లీల ముఖాల మీద ఉక్కు స్కేలు ఆనించి చూడండి, పుల్లీల అంచు మందాలు వేరైతే గాడి మధ్య నుంచి నూలు లాగి చూడండి, 300 మి.మీ. దూరానికి ఒకటిన్నర మి.మీ. కంటే తేడా ఉండకూడదు. ఉంటే డైనమో బ్రాకెట్ దగ్గర వాషర్లతో సరిచేయండి. బెల్టు పొడవు కొత్త పుల్లీల చుట్టూ నూలు చుట్టి కొలవండి, డైనమో సర్దే పట్టీలో మూడో వంతు దగ్గర ఉంచి. షాపులో ఏ-35 అంటే లోపలి చుట్టుకొలత 35 అంగుళాలు. 13×900 అని రాసి ఉంటే అది బయటి చుట్టుకొలత మి.మీ.లో. ఏ-సెక్షన్‌కి రెండిటికీ 50 మి.మీ. తేడా. ఈ తికమకలోనే జనరల్ ప్యాటర్స్ రోడ్‌కి రెండుసార్లు తిరగాల్సి వస్తుంది. పెద్ద వరస మధ్యలో బొటనవేలితో నొక్కితే 12 మి.మీ. దాకా దిగాలి. కొత్త బెల్టు పదిహేను నిమిషాలు తిప్పి, ఆపి, చల్లారాక మళ్ళీ బిగించాలి. స్క్రూడ్రైవర్‌తో ఎగదన్ని బెల్టు ఎక్కించే అలవాటు మానేయండి. దారం ఒకటి లోపల తెగుతుంది, బయటికి కనిపించదు, వెయ్యి కిలోమీటర్లకి బయటపడుతుంది.

సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే బ్లోయర్) ఉన్న ఇంజన్‌లో బెల్టు వేరే జంతువు. 1920ల చివర బెంట్లీ నాలుగున్నర లీటర్ల బ్లోయర్ కారులో సూపర్‌చార్జర్ నేరుగా క్రాంకు ముక్కుకే ఉండేది, బెల్టు లేదు, నిష్పత్తి మార్చుకునే వీలూ లేదు. తర్వాత వచ్చిన షోరాక్, జడ్‌సన్ లాంటి చిన్న సూపర్‌చార్జర్లు వీ-బెల్టుల మీద నడిచేవి. 1500 సీసీ ఇంజన్ 6,000 దగ్గర సెకనుకి 75 లీటర్ల గాలి మింగుతుంది. దాన్ని 0.4 బార్ ఒత్తిడితో తోయాలంటే గాలి పనికే సుమారు 4 కిలోవాట్లు, లీకులు, రాపిడి కలిపితే ఏడెనిమిది హార్స్‌పవర్. ఈ సైజు పుల్లీల మీద ఏ-సెక్షన్ బెల్టు ఒక్కటి మోసేది అందులో సగం. అందుకే జోడు బెల్టులు. జోడు అంటే ఒకే బ్యాచ్‌వి, ఒకే పొడవువి, కొత్తవి. ఒకటి తెగితే రెండూ మార్చాలి. పాతది సాగి ఉంటుంది, కొత్తదే బరువంతా మోసి ముందు పోతుంది. 1957 ఫోర్డ్ థండర్‌బర్డ్‌లో వచ్చిన మెక్‌కల్లక్ వీఆర్57 సూపర్‌చార్జర్ ఇంకో తెలివి చూపించింది: పుల్లీ పళ్ళాలు దగ్గరై దూరమై వ్యాసం మారేది, డ్రైవర్ పూర్తిగా తొక్కినప్పుడే బ్లోయర్ వేగం పుంజుకునేది.

అమెరికా డ్రాగ్ ఇంజన్ల మీద కూర్చునే 6-71 బ్లోయర్ డీజిల్ ఇంజన్‌ది. సిలిండర్‌కి 71 ఘనపుటంగుళాలు, ఆరు సిలిండర్లు. దాన్ని తిప్పాలంటే వీ-బెల్టు చాలదు, వెడల్పాటి పళ్ళ బెల్టు కావాలి. గిల్మర్ కంపెనీ పేరు మీద ఇప్పటికీ దాన్ని గిల్మర్ బెల్టు అనే అంటారు. ఇక్కడ నిష్పత్తి పళ్ళు లెక్కపెట్టుకుంటే వచ్చేస్తుంది: కింద 30, పైన 33 అయితే బ్లోయర్ ఇంజన్ కంటే 9 శాతం నెమ్మది, కింద 36, పైన 30 అయితే 20 శాతం వేగం. బూస్టు పెంచడమంటే పై పుల్లీ మార్చడమే. పళ్ళ బెల్టు జారదు కాబట్టి బిగువు తక్కువ చాలు. మరీ బిగిస్తే ఏడుస్తుంది, వదిలేస్తే పళ్ళు దూకుతుంది. డ్రై సంప్ (ఆయిల్‌ని వేరే ట్యాంకులో ఉంచే ఏర్పాటు) ఆయిల్ పంపుకీ ఇదే బెల్టు, క్రాంకు వేగంలో సగం చుట్టూ తిప్పుతారు. అక్కడ రాయి చిక్కుకుని బెల్టు తెగితే బేరింగులకి ఉండే ఆయుష్షు కొన్ని సెకన్లే, అందుకే రేకు కవచం, కంటికి ఎదురుగా పెద్ద ఆయిల్ దీపం తప్పనిసరి.

క్యామ్‌ని తిప్పే పళ్ళ బెల్టు 1962లో జర్మనీ గ్లాస్ కంపెనీ 1004 కారుతో, 1966లో ఇంజనీరు లాంప్రెడీ రూపొందించిన ఫియట్ 124 స్పోర్ట్ ట్విన్‌క్యామ్‌తో జనంలోకి వచ్చింది. ఇక్కడ నిష్పత్తి ఎప్పుడూ రెండుకి ఒకటే, మార్చడానికేం లేదు. గుర్తుంచుకోవాల్సింది వయసు. గ్యారేజీలో పెట్టి నెలకోసారి తిప్పే బండి బెల్టు కిలోమీటర్లు చూసి మార్చేది కాదు, అయిదేళ్ళకి మార్చేయాలి. వీపు మీద ఆయిల్ పడితే అప్పుడే.

ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఉన్నవాళ్ళకి ఒక ముక్క. దానికి నీళ్ళు లేవు, ఇంజన్‌ని చల్లార్చే ఫ్యాను డైనమో ఇరుసు మీదే ఉంటుంది. ‘పవర్ పుల్లీ’ పేరుతో అమ్మే చిన్న క్రాంకు పుల్లీ దానికి వేస్తే చల్లదనమే తగ్గించుకుంటున్నారు, మన ఊరి ఎండకి వద్దే వద్దు. బిగువు సర్దడం కూడా వేరు: డైనమో పుల్లీ రెండు పళ్ళాలు, మధ్యలో పల్చటి షిమ్ములు. బెల్టు బిగించాలంటే మధ్యలోంచి ఒక షిమ్ము తీసి బయటివైపు నట్టు కింద పెట్టాలి. తీసింది పారేస్తే తర్వాతి బెల్టుకి కావాల్సి వస్తుంది.

స్పేర్ బెల్టు డిక్కీలో ఉంచుకునేవాళ్ళు పుల్లీలు మార్చిన రోజే పాత స్పేరుని తీసేయాలి. పొడవు మారింది కాబట్టి అది ఇక సరిపోదు. కొత్త పొడవుది కొని, మడత పడకుండా చుట్టి, ఎండ తగలని కవరులో పెట్టి, దాంతోపాటు డైనమో పట్టీ బోల్టుకి సరిపోయే స్పానర్ కట్టి ఉంచండి. చాలా బండ్లలో బెల్టు ఉంటుంది, స్పానర్ ఉండదు.